కంచు తల్లి అరచెయ్యి

కూడలిలో ఎత్తైన దిమ్మ మీద కంచు తల్లి విగ్రహం ఉంటుంది. కింద, జనం నడిచే చోట ఆమె పిల్లాడి విగ్రహం. వచ్చేపోయేవాళ్లంతా నిమిరి నిమిరి వాడి నడినెత్తి బంగారంలా మెరుస్తుంటుంది. చేతులు తగలని చోటల్లా కంచు నల్లబడి ఉంటుంది.

ఊరు సద్దుమణిగాక వదినా మరిదీ వాటిని కడగడానికి వచ్చారు. నిచ్చెనెక్కి తల్లి కుడిచెయ్యి తుడుస్తున్న వదిన ఆగిపోయింది. అరచెయ్యి తళతళలాడుతోంది.

“ఏమయ్యా, పోయినసారి ఇది నల్లగానే ఉంది కదా? ఇంత ఎత్తుకి ఎవరెక్కారు?”

“పావురాలేమో వదినా. కానివ్వు, నిద్రొస్తోంది.”

“పావురాలు పాడుచేస్తాయి గానీ పాలిష్ పెడతాయా?”

మరిది తలెత్తి చూశాడు. తల్లి చెయ్యి పిల్లాడి వైపే చాచి ఉంది. మధ్యలో నిలువెత్తు ఖాళీ.

సామాను సర్దుకుని, లైటార్పి బయల్దేరారు. మలుపు దగ్గర వెనక నుంచి మెత్తగా రాపిడి వినిపించింది. మరిది తిరగబోతే వదిన భుజం పట్టి ఆపింది.

“చూడకు, ఆవిడ మొహమాటపడుతుంది. పొద్దస్తమానం పిల్లాణ్ణి ఊరంతా ముద్దుచేసింది. ఇప్పుడు వాళ్లమ్మ వంతు.”

వెనక ఆ రాపిడి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.