రెండో డబ్బా

“మెట్లు జాగ్రత్త. బల్బు మార్చాన్లే గానీ, నీ మోకాళ్ళ మీద నాకు నమ్మకం లేదు,” అంది లవాన్ పైనుంచి.

ఎల్డన్ ఖాళీ అట్టపెట్టె చంకన పెట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాడు. పొద్దున్నే ఆవిడ ఆయన ఫోన్‌కి పంపిన కబురు ఒక్కటే: ‘వచ్చి నీ డబ్బా తీసుకుపో.’

పోయిన శుక్రవారం చర్చి హాల్లో వేయించిన చేపల విందు. పళ్ళెంలో క్యాబేజీ కెలుకుతూ, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఇద్దరూ తోడు పోయినవాళ్ళే, రెండు వీధుల దూరం. “ఆలోచించుకోనీ,” అంది లవాన్. ఆ తర్వాత పేకాటకి రాలేదు, ఫోనూ లేదు. కాదంటే అననీ, స్నేహం కూడా పోతుందేమోనని ఆయన బెంగ. ఇప్పుడీ కబురు. ఇక తెలియాల్సిందేముంది.

ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ పక్కన డబ్బా ఆకుపచ్చ దీపంతో మిణుకుమంటోంది. మనవల ఫొటోలన్నీ మింగేసి లవాన్ లాప్‌టాప్ చచ్చి ఊరుకున్నప్పుడు, ఆవిడ ఏడుపు చూడలేక ఎల్డన్ ఈ విద్య పట్టాడు. కాగితం మిల్లులో మోటార్లు బాగుచేసిన చేతులాయనవి. పాత కంప్యూటర్ విప్పి, పెద్ద డిస్కులు బిగించి, తన ఇంట్లో ఒక సర్వర్ కట్టాడు. ఇద్దరి కంప్యూటర్లలో ఉన్నదంతా నెట్ మీదుగా రోజూ అందులోకి చేరుతుంది. దాని నకలు మళ్ళీ ఈ చిన్న డబ్బాలోకి వస్తుంది.

“ఒకటి చాలదా? నా ఇంట్లో ఇదెందుకు?” అని ఆవిడ అప్పట్లో దెప్పింది.

“మా ఇల్లు తగలబడితే? పైపు పగిలి మునిగితే? ఒక నకలు వేరే ఇంట్లో ఉండాల్సిందే. ఈ పనిలో అది మొదటి నియమం.”

“మనకంటే అవే నయం. రోజూ మాట్లాడుకుంటాయి,” అని నవ్వింది.

ఆ నవ్వు గుర్తొచ్చి ఎల్డన్ మనసు చివుక్కుమంది. తీగలు ఊడదీస్తూ పక్కకి చూశాడు. ఊరేసిన దోసకాయల సీసాలుండే అరలన్నీ ఖాళీ. ఆ గోడకి కొత్త ప్లగ్ పాయింట్లు, కింద గట్టి బల్ల.

“కిందభాగం అద్దెకిస్తున్నావా?” పైకొచ్చి అడిగాడు.

“ఒకాయన వస్తున్నాడు. అద్దె ఇస్తాడన్న ఆశ మాత్రం లేదు.”

ఎల్డన్ పెట్టెని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ఆయనెవరని అడగలేకపోయాడు.

“డబ్బా మోత ఎక్కువైందా?”

“లేదే.”

“కరెంటు బిల్లా?”

“అదీ కాదు. మీ చెల్లెలు బార్బ్ ఇంట్లో పెట్టు. ఇక్కడ మాత్రం వద్దు. ముందు కూర్చో, హాట్‌డిష్ చల్లారిపోతోంది.”

బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. హాట్‌డిష్‌లో మాంసం మీద ఆలుగడ్డ ముక్కలు ఎర్రగా వేగి, ఇల్లంతా కమ్మటి వాసన. ఎల్డన్ కూర్చోలేదు. పెట్టె గుమ్మం దగ్గర పెట్టి టోపీ తీసుకున్నాడు.

“నీ ఫొటోల గురించి భయపడకు. మా ఇంట్లో సర్వర్ నడుస్తూనే ఉంటుంది. నువ్వు నాతో మాట్లాడినా మానినా వాటిని చెరపను.”

లవాన్ గరిటె ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్ళు తడిశాయి, పెదాలు మాత్రం నవ్వాపుకుంటున్నాయి.

“బుర్ర మిల్లులోనే వదిలేసి రిటైరయ్యావా ఏమిటి నువ్వు?”

“నేను చేసిన తప్పేంటో చెప్పు లవాన్. దీన్నెందుకు తీసుకుపొమ్మంటున్నావు?”

ఆవిడ ఆయన చేతిలోని టోపీ లాక్కుని, తన కోటు పక్కన కొక్కేనికి తగిలించింది.

“నీ పెద్ద సర్వర్‌తో నువ్విక్కడికి వచ్చేశాక, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు కదయ్యా.”