ఈ పేద సాధువు

"మూడో ఆయన్ని కూడా పంపించేశావా అమ్మా?" కూతురు పూయ్‌సాన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"పంపక? 'నేను మంచిరోజు చూస్తాను' అన్నాడే! నేనట, నేను! తావో మతం పూజారి అన్నవాడు తనను తాను 'ఈ పేద సాధువు' అని చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు అలాగే అనేవాళ్ళు."

"అది పాత సినిమాల్లోనమ్మా. ఇప్పుడందరూ 'నేను' అనే అంటున్నారు."

"అయితే ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు." తల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

గుండె కవాటం మార్చాలి, ఈ నెల దాటితే ఏమీ చెప్పలేమని డాక్టరు తేల్చేశాడు. నచ్చిన పూజారి రోజు పెట్టందే సంతకం చెయ్యనని ఈవిడ భీష్మించుకుంది. హాంగ్‌కాంగ్‌లోని ఆ షామ్ షుయ్ పో పేటలో పేరున్న పూజారులు ముగ్గురూ నాలుగంతస్తులు ఎక్కి, టీ అయినా తాగకుండా దిగిపోయారు. మొండితనంలో ఆవిడకు ఆవిడే సాటి. ఆ మొండితనంతోనే పదకొండేళ్ళుగా ఇంట్లో కొడుకు పేరు కూడా ఎత్తనివ్వడం లేదు.

ఇక వల్లకాక పూయ్‌సాన్, టీవీ స్టూడియోలో గుంపులో నిలబడే వేషాలు వేసే ఒకతనికి ఫోన్ చేసింది. మోసమే. కానీ తల్లి బతకాలి కదా!

మర్నాడు పొద్దున్నే నల్ల టోపీ, పసుపు అంగీ, బారెడు గడ్డంతో అతను వచ్చాడు. పిడికిలిని అరచేత్తో మూసి నడుం వంచాడు.

"ఈ పేద సాధువు అమ్మగారికి నమస్కరిస్తున్నాడు."

తల్లి అతన్ని కాళ్ళ నుంచి టోపీ దాకా తేరిపార చూసింది.

"అన్నం తిన్నావా?"

"ఈ పేద సాధువు... గంజి తాగి వచ్చాడు." అతను టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"మరీ చిక్కిపోయి ఉన్నావు. సర్లే, రోజు చెప్పు."

అతను పంచాంగం తిరగేశాడు. "గురువారం దివ్యంగా ఉంది."

తల్లి వెంటనే ఆపరేషన్ కాగితం తెప్పించుకుని సంతకం చేసింది. పూయ్‌సాన్‌కి కొండంత బరువు దిగింది. అతను మెట్లు దిగిపోయేదాకా ఆగి, "మొత్తానికి నీకు నచ్చిన పూజారి దొరికాడు," అంది.

"ఆ మాట ఈ కాలంలో ఏ పూజారీ అనడని నాకు తెలీదనుకున్నావుటే? వేషాలు వేసేవాళ్ళు తప్ప ఇంకెవరంటారు? అందుకేగా పట్టుబట్టింది!" తల్లి కళ్ళు తుడుచుకుంది.

"గురువారం మీ అన్నయ్యని ఆ గడ్డం లేకుండా రమ్మను."