ఆకులూ అలములూ

"సొరకాయని ఇలా గోటితో గిచ్చి చూడాలి. గోరు దిగితే లేతది," అంది వంట నేర్పే ఆవిడ.

హెడ్మిస్ట్రెస్ మొహం చిట్లించింది. సొరకాయ గిచ్చడం నేర్చుకోవడానికి తొమ్మిది గంటలు రైల్లో కూర్చుని రావాలా! ఆ మాత్రం తన స్కూల్లో ఆయాకి కూడా తెలుసు.

ప్రకటనలో మాత్రం ఘనంగా ఉంది. పొద్దున్న మార్కెట్టంతా తిప్పుతారట. ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్ళి వంట నేర్పుతారట. మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టని వంట. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎగబడతారట. తీరా చూస్తే ఎగబడినవాళ్ళు ముగ్గురే. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, తనొకతె.

ఆకులూ అలములూ తినడానికి కూడా టిక్కెట్టు!

హెడ్మిస్ట్రెస్ వంటావిడని ఎగాదిగా చూసింది. నలభై దాటి ఉండవు. ఎండుకొమ్మలా ఉంది. ముతక చొక్కా, నడుముకి బిగించిన గుడ్డ, చెవి వెనక పెన్సిలు. తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. ఈ మొహానికా ఇంత పేరు!

"వంకాయకి గోరు కాదు, తొడిమ చూడాలి," అంది హెడ్మిస్ట్రెస్, నలుగురికీ వినపడేలా. "తొడిమ పచ్చగా ఉందంటే కాయ తాజాదన్నమాట. నేర్పేవాళ్ళకి ఆ మాత్రం తెలియాలిగా."

"నిజమే మేడమ్. మీకు బాగా తెలుసు," అంది వంటావిడ. చేతిలో ఉన్న వంకాయ పక్కన పెట్టేసి, పచ్చ తొడిమలున్నవి నాలుగు ఏరింది.

హెడ్మిస్ట్రెస్‌కి ఒళ్ళు మండింది. ఎదురు చెప్తే ఒక దారి. ఇలా ఒప్పేసుకునేవాళ్ళతో ఎలా పోట్లాడటం?

పుట్టగొడుగుల బుట్టల దగ్గర కొత్త పెళ్ళికూతురు పక్కకి చేరింది. "మీవారు రాలేదా ఆంటీ?"

"ఆయన ముందే చూసేశారమ్మా."

"ఈ ఊరా?"

"ఊరు, మార్కెట్టు, వంట, అన్నీ."

"అబ్బ, మంచివారు. బాగుందని మిమ్మల్ని పంపించారన్నమాట!"

హెడ్మిస్ట్రెస్ పుట్టగొడుగుల మీదికి వంగి, వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీల్చింది.

ఇల్లు మార్కెట్ వెనక సందులోనే. రెండు గదులు, వెనక చిన్న పెరడు. వంటింట్లోకి అడుగు పెడుతూనే హెడ్మిస్ట్రెస్ ఎవరూ చూడకుండా అలమర మీద వేలితో రాసి చూసింది. దుమ్ము అంటలేదు. గోడకి గరిటెలు పొట్టీ పొడుగూ వరసలో వేలాడుతున్నాయి. సరే, శుభ్రం ఉంది. అంతమాత్రాన అయిపోయిందా? కిటికీలోంచి పెరట్లోకి చూసింది. తీగ మీద మగవాళ్ళ గళ్ళ చొక్కా ఒకటి ఆరేసి ఉంది. కాలర్ దగ్గర మురికి వదల్లేదు. హమ్మయ్య అనుకుంది.

వంటావిడ నానబెట్టిన జీడిపప్పు రుబ్బి, గుడ్డలో వడకట్టింది. "ఇవే మన పాలు."

"కాకిని పట్టుకుని కోయిల అంటే మాత్రం ఎవరు కాదంటారు," అంది హెడ్మిస్ట్రెస్.

పెళ్ళికొడుకు కిసుక్కున నవ్వి, పెళ్ళాం మోచేతి పోటుకి ఆగిపోయాడు. వంటావిడ మాత్రం వంకాయలు నిప్పుల మీద తిప్పుతూనే ఉంది. తొక్క నల్లబడ్డాక వలిచింది. నువ్వులు వేయించి దంచింది. ఎవరి ముక్కలు వాళ్ళనే తరగమంది. హెడ్మిస్ట్రెస్ చకచకా తరిగింది. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో కత్తిపీట ఆవిడదే.

"మీవారు కూడా ఇవే తింటారా అక్కా?" అనడిగింది పెళ్ళికూతురు.

"తింటారు." వంటావిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "తిని, ఇంతకన్నా మంచి వంటే ఇదివరకు తిన్నానంటారు. రోజూ అంటారు."

పొద్దుట్నుంచీ మొదటిసారి హెడ్మిస్ట్రెస్‌కి నవ్వొచ్చింది. దాన్ని పెదవి కొరికి ఆపుకుంది.

భోజనాలకి కూర్చున్నారు. ఆవిడ వంకాయ ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. కాల్చిన వాసన, నువ్వుల కమ్మదనం, జీడిపప్పు నునుపు, వెనకనుంచి చిన్నగా పులుపు. బాగుంది. వెధవది, చాలా బాగుంది. బాగోదనే నమ్మకం మీదే కదా ఇంతదూరం వచ్చింది.

"ఎలా ఉంది మేడమ్?"

"పచ్చిగడ్డి కన్నా నయం."

అంటూనే ఇంకో గరిటె వడ్డించుకుంది. అదీ అయిపోయింది. గిన్నె అడుగు కనిపించేసరికి ఆవిడ కడుపులో మంట నెత్తికెక్కింది.

కొత్త జంట ఫోటోలు తీసుకుని, చేతులూపుతూ వెళ్ళిపోయింది. వంటావిడ వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఇక మిగిలింది ఇద్దరే. హెడ్మిస్ట్రెస్ నడుం నిటారుగా చేసి కూర్చుంది. రైల్లో తొమ్మిది గంటలూ కూర్చుకున్న మాటలున్నాయి. ఒక్కొక్క మాటా ఒక్కొక్క బెత్తం దెబ్బ. అసెంబ్లీలో తప్పుచేసిన పిల్లని నిలబెట్టినప్పటిలా గొంతు సవరించుకుంది.

"చూడమ్మాయ్..."

వంటావిడ తడి చేతులు నడుం గుడ్డకి తుడుచుకుంది. హెడ్మిస్ట్రెస్ కళ్ళలోకి సూటిగా చూసింది.

"పెట్టె సర్దేశానక్కా, లోపలి గదిలో పడుకుని ఉన్నారు, మీ ఆయన్ని లేపి తీసుకెళ్ళిపోండి."