తొండం పెట్టిన జీపు

ఇలా దగ్గరికి జరుగు. ఆ ఫోను పక్కన పెట్టి ఈ దిండు తీసుకో. మీ చిన్నతాత జీపు సంగతి చెప్తాను.

చిన్నతాతంటే నాకు మరిది. అప్పటికే ఆయనకు నలభై దాటాయి గానీ జీపు ఎక్కితే మాత్రం బడి ఎగ్గొట్టిన పిల్లాడే. ఆదివారం వస్తే చాలు, ఆయనా స్నేహితులూ బండ్లేసుకుని ఏటి ఒడ్డుకు పోయేవాళ్ళు. రోడ్డు మీద నడపడం వాళ్ళకు నామోషీ. గుట్టలెక్కాలి, బురదలో దిగబడాలి, ఏరు దాటాలి.

ఒక వానాకాలం ఏటి మధ్యలో జీపు ఇంజన్ నీళ్ళు మింగి ఆగిపోయింది. తాడు విసిరి మనిషిని ఒడ్డుకు లాగారు. అదంతా మీ చిన్ననానమ్మ ఒడ్డున నిలబడి చూసింది. ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకోబోయి సగం ఒలకబోసుకుంది.

ఆయనకు అదేం పట్టలేదు. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి, "జీపుకు స్నార్కెల్ పెట్టిస్తున్నా వదినా. గాలి పైకప్పు దగ్గర్నుంచి పీల్చుకుంటుంది. ఇక మెడలోతు నీళ్ళున్నా భయం లేదు" అన్నాడు.

"జీపుకు భయం లేదు, సరే. మెడ నీది కదా" అన్నాను.

నవ్వేసి, పెట్టించాడు. బానెట్ పక్క నుంచి పైకప్పు దాకా నల్లటి గొట్టం. మేం దానికి తొండం అని పేరు పెట్టాం.

మీ చిన్ననానమ్మ పెద్ద రగడ చేస్తుందనుకున్నాను. పల్లెత్తు మాట అనలేదు. పైగా పాత జీన్స్, బొంత ముక్కలు కలిపి డ్రైవరు కాళ్ళ కిందికి కొత్త మ్యాట్ కుట్టింది. చుట్టూ ఎర్ర గుడ్డ అంచు. ఆయన మురిసిపోయాడు.

"చూశావా వదినా, మా ఆవిడ కూడా దారిలోకి వచ్చింది."

ఇక జీపు మొదలుపెట్టింది దాని వేషాలు. మా వీధి చివరి మిట్ట ఎక్కలేక మూలుగు. వెనక సీట్లో నేనున్నాను. పాలవాడు సైకిలు తోసుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు.

"తొక్కవయ్యా" అన్నాను.

"అడుగుకు ఆనేదాకా తొక్కాను వదినా. ఇంకెక్కడ తొక్కను?"

"ఏవండీ, గట్టిగా తొక్కుతున్నారా?" అంది పక్క సీట్లోంచి మీ చిన్ననానమ్మ.

ఆయన పళ్ళు నూరాడు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. మర్యాదస్తుడు. నూనె బూట్లతో ఎర్రంచు మ్యాట్ తొక్కడం ఇష్టంలేక, దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టాడు. బరువుగానే ఉంది, బొంత కదా అనుకున్నాను. అతను స్టీరింగ్ పట్టుకున్నాడో లేదో, జీపు ఒక్క ఊపున మిట్టెక్కేసింది.

"బండి బంగారంలా ఉంది సార్."

ఆయన కూర్చున్నాడు. మీ చిన్ననానమ్మ మ్యాట్ మళ్ళీ పరిచి, మూలలు చేత్తో సర్దింది. మిట్ట దగ్గర మళ్ళీ అదే మూలుగు.

"ఆ గొట్టంలోనే ఏదో అడ్డం పడి ఉంటుంది. బాగా చూడు అన్నా" అంది మెకానిక్‌తో.

పాపం, ఇంట్లో పనులు మానుకుని వెళ్ళిన ప్రతిసారీ వెంట వచ్చేది. అతను గొట్టం అతుకులు విప్పి బిగించాడు. ఫిల్టర్ మార్చాడు. తొండం మూతిని వెనక్కి తిప్పాడు. అతను నడిపితే గుర్రం, మా మరిది నడిపితే గాడిద. చివరికి విసిగిపోయి, "సార్, మీకూ దానికీ పడటం లేదేమో" అన్నాడు.

ఆ ఆదివారం ఏరు ఎర్రగా పొంగి పారుతోంది. ఆ స్నేహితుల గుంపుకో కట్టుబాటు ఉండేది. నీళ్ళలోకి దిగేముందు ఒడ్డునున్న ఇసుక దిబ్బ ఎక్కాలి. ఎక్కలేని బండి ఏట్లోకి దిగకూడదు. మా మరిది ఎక్కబోతాడు, జారి వెనక్కొస్తాడు. ఎక్కబోతాడు, జారతాడు. అందరూ ఒకటే నవ్వు.

వాళ్ళలో మీసాలాయన అని ఒకడుండేవాడు. "తొండం పెట్టించావు గానీ ఊపిరి పెట్టించడం మరిచిపోయావు తమ్ముడూ. ఒడ్డున కూర్చుని మా వీడియో తియ్యి" అని, తన జీపుతో దిబ్బెక్కి నీళ్ళలోకి దిగాడు. దానికీ తొండం ఉంది. ఇంజన్ ఆగలేదు కూడా. నీళ్ళే బండిని ఎత్తి, పక్కకు తిప్పి, బొమ్మను తీసుకుపోయినట్టు తీసుకుపోయాయి. మనిషి వంపు దగ్గర చెట్టుకొమ్మ దొరికి బతికాడు. జీపు తర్వాత ఎక్కడో ఇసుకలో తలకిందులుగా దొరికింది.

మా మరిది జీపు దిగి ఒడ్డునే చతికిలబడ్డాడు. మీ చిన్ననానమ్మ ఫ్లాస్కులోంచి టీ వంచి ఆయన చేతికిచ్చింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

మర్నాడే తొండం పీకించేశాడు. మ్యాట్ ఆ వేళ దండెం మీద ఆరుతోంది. తిరిగొచ్చేటప్పుడు మిట్టను ఎగిరినట్టే ఎక్కాడు. "చూశారా? దాని ఊపిరంతా ఆ తొండమే లాగేసింది" అన్నాడు. ఏటి జోలికి మళ్ళీ పోలేదు. ఇవాళ్టికీ ఎవరు కొత్త జీపు కొన్నా పనిగట్టుకుని వెళ్ళి స్నార్కెల్ వద్దని చెప్పొస్తాడు.

ఇదంతా బాగా గుర్తుపెట్టుకుని రేపు నీ పిల్లలకూ చెప్పు గానీ, మీ చిన్నతాత చెవిన మాత్రం వేయకు, ఎందుకంటే ఆ పొద్దున మ్యాట్ ఉతికేముందు మీ చిన్ననానమ్మ నా ఎదురుగానే కుట్లు విప్పి, సరిగ్గా యాక్సిలరేటర్ కిందికి వచ్చే మూలలోంచి, తను దాచి కుట్టిన పాత చెప్పుల అట్టలు ఒక్కొక్కటే బయటికి తీసింది.