ముల్లు చదివే గొంతు

అవాలి ఊరు దాటగానే భీమన్న ఎడారి రోడ్డు మీద వేగం పెంచాడు. టర్బో బండిని పరీక్షించే ప్రతిసారీ అతను నడిపేవాడు, పక్క సీట్లో కూర్చుని లక్ష్మణ్ టర్బో ఒత్తిడి చూపే బూస్ట్ మీటరు, ఆయిల్ మీటరు ముళ్లు చూసి అంకెలు పైకి చదివేవాడు. ఈ రాత్రి లక్ష్మణ్ డిక్కీలో ఉన్నాడు. తమకు పని ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ బండి ఇంజన్ పాడు చేసింది నువ్వంటే నువ్వని సాయంత్రం మాటామాటా పెరిగింది. భీమన్న పానాతో కొట్టిన మూడో దెబ్బకు లక్ష్మణ్ తల పగిలి ప్రాణం పోయింది.

"బూస్ట్ పది."

పక్క సీటు ఖాళీగానే ఉంది.

"పదిహేను. ఆయిల్ మంచిగనే ఉన్నది అన్నా."

భీమన్న బూస్ట్ మీటరు చూశాడు. ముల్లు సరిగ్గా పదిహేను మీద ఉంది. రక్తం ఆరని ఆ పానాతోనే మీటరును పగలగొట్టాడు. ముల్లు విరిగి ఒళ్లో పడింది.

"ఇరవై." ఈసారి గొంతు చెవి పక్కనే వినిపించింది.

"నన్ను ఇడిచిపెట్టు తమ్మీ."

"ఇరవై అయిదు. ఎర్ర గీత దాటినం. కాలు తియ్యి అన్నా."

భీమన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీయబోయాడు. అతని పాదాన్ని మరో పాదం చల్లగా, బలంగా తొక్కిపట్టింది.