ఐదో ట్రయల్

“మీ పేషెంటు ఎవరమ్మా?” అని అడిగాడు వాచ్‌మన్.

“మా అమ్మాయి.”

“ఏమైంది?”

“ఉద్యోగం దొరకట్లేదు.”

వాచ్‌మన్ ఆమెను ఎగాదిగా చూసి, వరండాలో బెంచీ వైపు వేలు చూపించాడు. తల్లి సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది. అక్కడి నుంచి వార్డులోని ఆరు మంచాలూ కనిపిస్తున్నాయి.

కూతురు వద్దంటూనే ఉంది. “బడిలో దింపినట్టు వెంట రాకమ్మా, పరువు పోతుంది,” అంది. “నీ జోలికి రానులే, ఎవరికో తోడొచ్చినదానిలా కూర్చుంటాను,” అని మాటిచ్చి వచ్చింది తల్లి. వచ్చిన రెండు నిమిషాలకే వాచ్‌మన్‌కు విషయమంతా చెప్పేసింది.

కూతురికి నర్సుగా లైసెన్సు చేతికొచ్చి ఐదు నెలలైంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా అనుభవం ఉందా అంటారు. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది? ఇలాంటి చిన్న నర్సింగ్ హోములే నయం, ఒక రోజు ట్రయల్ చెయ్యమంటాయి. యూనిఫాం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. పని నచ్చితే తీసుకుంటారు. అలా నాలుగు చోట్ల చేసింది. నాలుగు చోట్లా పని బాగుందన్నారు, కబురు చేస్తామన్నారు. ఒక్క కబురూ రాలేదు. ఇదీ కాకపోతే సోమవారం నుంచి బాబాయి జిరాక్స్ షాపులో కూర్చోవాలని తండ్రి తేల్చేశాడు. ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే పిల్ల ఇక లేవదని తల్లి భయం. పైకి అనదు గానీ, పిల్ల చేతిలోనే ఏదో లోపం ఉందేమోనని అంతకన్నా పెద్ద భయం.

మేనేజరు వచ్చి వార్డు గుమ్మంలోనే నిలబడ్డాడు. “లోపల సిస్టర్లున్నారు. వాళ్లు చెప్పినట్టు చెయ్యి. సాయంత్రం మాట్లాడదాం,” అని కూతురికి చెప్పి వెళ్లిపోయాడు.

లోపల ముగ్గురు నర్సులున్నారు. ఒకరిది తెల్ల యూనిఫాం, ఒకరిది గులాబీ, ఒకరిది నీలం. హోదాను బట్టి రంగు కాబోలు అనుకుంది తల్లి. నీలం వేసుకున్నావిడకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. కళ్లజోడు, చేతిలో రాసుకునే అట్ట, నవ్వన్నది ఎరగని మొహం. తల్లి ఆమెకు హెడ్డమ్మ అని పేరు పెట్టేసుకుంది.

“అక్కా, డ్రెస్సింగ్ ట్రే ఎక్కడుంటుంది?” కూతురు అడిగింది.

“వెతుక్కో. అన్నీ నేనే చెప్పాలా?” అంది హెడ్డమ్మ.

పరీక్ష పెడుతోంది మహాతల్లి, అనుకుంది తల్లి. కూతురు మూడు బీరువాలు తెరిచి ట్రే వెతికి పట్టుకుంది. మూడో మంచం తాతకు సూది వేసి, కాలికి కట్టు మార్చింది.

“ప్లాస్టర్ వంకరగా ఉంది,” అంది హెడ్డమ్మ వెనకనుంచి.

కూతురు తీసి మళ్లీ వేసింది.

కాసేపటికి ఆ తాత కర్ర పట్టుకుని వచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు. “నిన్నటి పిల్ల సూది వేస్తే నొప్పే తెలియలేదమ్మా. బంగారం లాంటి చెయ్యి.”

“మరి ఇవాళ్టి పిల్ల?” అంది తల్లి.

“ఇదీ బాగానే వేసింది. పాపం, బిక్కుబిక్కుమంటోంది.”

తల్లి మళ్లీ వార్డు వైపు చూసింది. నిన్నటి పిల్ల అంత బాగా చేస్తుంటే వీళ్లకు ఇంకొకరెందుకు?

మధ్యాహ్నం దాటాక కూతురు నీళ్ల వంకతో బయటికొచ్చింది.

“తిన్నావా?”

“ఎవరూ కూర్చోవట్లేదు. నేనొక్కదాన్నే ఎలా తింటాను?”

“ఆ హెడ్డమ్మతో కాస్త నవ్వుతూ మాట్లాడవే.”

“అవతలావిడ నవ్వితే కదా. పొద్దుట్నుంచీ నామీదే కన్ను.”

“నీ ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది.”

“అమ్మా, నువ్వు అలా గుడ్లప్పగించి చూడకపోతే నేను ఇంకా బాగా చేస్తాను,” అని విసురుగా లోపలికి పోయింది.

ఇంతలో ఎవరో గంట నొక్కారు. నలుగురు నర్సులూ ఆ ఒక్క మంచం దగ్గరికే పరుగెత్తారు. ఎంత క్రమశిక్షణ, అనుకుని తల్లి మరింత బెంగపడింది. ఇలాంటి చోట మన పిల్ల నెగ్గుకొస్తుందా?

సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్లిన కూతురు నిమిషంలో తిరిగొచ్చింది.

“ఏమన్నాడు?”

“పని బాగుందన్నాడు. కబురు చేస్తాడట.” గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది. “వీళ్లంతా ఈ ముక్క ఎక్కడైనా కూర్చుని బట్టీ పట్టారా అమ్మా? బట్టలు మార్చుకుని వస్తాను. బాబాయికి ఫోన్ చేసి చెప్పెయ్యి, సోమవారం వస్తానని.”

తల్లి ఫోన్ తియ్యలేదు. హెడ్డమ్మ భుజాన సంచి తగిలించుకుని వరండాలోకి వచ్చి, చెప్పులోంచి పాదం తీసి నొక్కుకుంటోంది. తల్లి దేవుణ్ణి తలుచుకుని ఎదురుగా వెళ్లి నిలబడింది.

“అమ్మా, తప్పుగా అనుకోకండి. ఇవాళ ట్రయల్‌కు వచ్చింది మా అమ్మాయి. మీరు కోప్పడినా మంచికే. ప్లాస్టర్ మళ్లీ వేసింది కదా, చెబితే నేర్చుకుంటుంది. మీరొక్క మాట చెబితే మేనేజరు కాదనడు.”

“నా మాటా?” అంది హెడ్డమ్మ.

“పాతవాళ్ల మాటకు విలువ ఉంటుంది కదమ్మా. ఎన్నేళ్లుగా చేస్తున్నారిక్కడ?”

హెడ్డమ్మ కళ్లజోడు తీసి, కొంగులేని యూనిఫాం అంచుతోనే తుడుచుకుంది.

“ఇవాళ పొద్దుటి నుంచి.”