తప్పుల తాతగారు

“ఎంగ్గాక్ కాదండీ, తిడాక్! తిడాక్!”

నర్సమ్మ పెన్సిల్‌తో బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

ఎదురుగా కూర్చున్న తాతగారు బుద్ధిగా తలూపారు. “అవునమ్మా, తిడాక్. నోరు తిరగట్లేదు.”

నోరు తిరగకపోవడమేమిటి! బొంగరంలా తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా తప్పే.

ఇండోనేషియన్ రెండో మెట్టు తరగతి అది. వారానికి మూడు సాయంత్రాలు. గంటసేపు వ్యాకరణం, ఆ తర్వాత అరగంట ఇద్దరిద్దరు జతగా కూర్చుని మాట్లాడుకోవాలి. నర్సమ్మ ఖర్మకొద్దీ ఈ తాతగారు జతపడ్డారు.

రేవు పక్కనున్న ఆమె ఆసుపత్రికి ఇండోనేషియా నావికులు వస్తూంటారు. వాళ్ళ కోసం కొత్త వార్డు తెరుస్తున్నారు. ఈ తరగతి ఆఖరి పరీక్ష పాసైతే ఆ వార్డుకి ఇన్‌ఛార్జి ఆమే. తప్పితే ఇంకెవరో.

ఇక్కడ చూస్తే ఈయన.

క్రియ ముందు ‘మె’ చేర్చాలని మాస్టారు నెల రోజులుగా మొత్తుకుంటున్నారు. ఎదురుచూడడాన్ని ‘మెనుంగ్గు’ అనాలి. ఈయన తల నరికేసి ‘నుంగ్గు’ అంటారు. కాదు, వద్దు అనడానికి ‘తిడాక్’ అనాలి. ఈయన ‘ఎంగ్గాక్’ అంటారు. అయిపోయింది అనడానికి ‘సుడా’ అనాలి. ఈయన ‘ఉడా’ అంటారు. మొన్నటి రాతపరీక్షలో నూటికి పద్దెనిమిది వచ్చాయి. తరగతంతా ఆయన్ని తప్పుల తాతగారనే పిలుస్తోంది.

“ఇంట్లో పుస్తకం తీయరా మీరు?”

“తీస్తానమ్మా. పుస్తకం దారి పుస్తకానిది, నోటి దారి నోటిది.”

“మరెందుకండీ రావడం?”

తాతగారు నవ్వేశారు. “కాలక్షేపమేలే అమ్మా.”

నర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం!

లేచి నిలబడింది. “మాస్టారూ, నాకు జత మార్చండి. ఈయనతో మాట్లాడుతుంటే నాకొచ్చింది కూడా పోయేట్టుంది.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మాస్టారు ఇబ్బందిగా చూశారు. తాతగారే పుస్తకం మూసి లేచారు. “మార్చండి మాస్టారూ. పరీక్ష ఉంది, అమ్మాయి కంగారు పడుతోంది.”

ఆ సాయంత్రం ఆయన చివరి బెంచీలో ఒంటరిగా కూర్చున్నారు.

తర్వాతి తరగతికి రాలేదు. ఆ తర్వాత కూడా.

‘హమ్మయ్య’ అనుకుంది నర్సమ్మ. కొత్త జత ఒక లెక్చరరు. ఇద్దరూ పుస్తకం చూసినట్టే మాట్లాడుకున్నారు. పరీక్షలో తొంభై రెండు వచ్చాయి. వార్డు వచ్చింది.

వార్డు తెరిచిన నాలుగో రోజు ఒక నావికుణ్ణి మోసుకొచ్చారు. లంగరు గొలుసు కింద కాలు నలిగింది. వెంటనే ఆపరేషన్ చేయాలి. అతనేమో సంతకం పెట్టనని కాగితం తోసేస్తున్నాడు.

“మీరు అడగండి సిస్టర్, ఎందుకు వద్దంటున్నాడో,” అన్నారు డాక్టరుగారు.

నర్సమ్మ గొంతు సవరించుకుని అడిగింది. ఎక్కడా వ్యాకరణం చెడలేదు. ఒక్క ‘మె’ కూడా జారలేదు.

అతను బిత్తరపోయాడు. ‘తమరి అభ్యంతరమునకు హేతువేమి?’ అని అడిగితే మనమెలా చూస్తామో అలా చూశాడు. తర్వాత ఏడుస్తూ గడగడా ఏదో చెప్పాడు.

అంత వరదలో ఆమెకి దొరికినవి మూడే మూడు ముక్కలు.

ఎంగ్గాక్. ఉడా. నుంగ్గు.

“ఏమంటున్నాడు?”

“వద్దంటున్నాడండీ... ఏదో అయిపోయిందట... దేనికోసమో ఎదురుచూస్తున్నాడట.”

“దేనికోసం?”

“తెలియట్లేదండీ.”

“తొంభై రెండు వచ్చాయన్నారుగా!”

“మా క్లాసులో ఇలా ఎవరూ మాట్లాడరండీ” అనబోయి, ఆగిపోయింది. ఒకరు మాట్లాడేవారు.

పది నిమిషాల్లో వస్తానని చెప్పి, రెండు వీధుల అవతలున్న తరగతుల ఆఫీసుకి పరిగెత్తింది.

“తాతగారి నంబరు కావాలండీ, అర్జంటు!” అంది గుమాస్తాతో ఆయాసపడుతూ.

“ఏ తాతగారు?”

“అదే... తప్పులు మాట్లాడతారే...”

గుమాస్తా కళ్ళద్దాల మీదుగా ఆమెని ఒకసారి చూసి, దరఖాస్తుల కట్ట విప్పాడు. “ఆయన మానేశారుగా. గది ఖాళీ చేసి ఊరు విడిచి వెళ్తున్నానని పోయిన వారం చెప్పి వెళ్ళారు. ఈ నంబరు ఆయన అద్దెకున్న ఇంటివాళ్ళది.”

నర్సమ్మ ఆ నంబరుకి చేసింది. ఎక్కడికి వెళ్ళారో ఇంటివాళ్ళకీ తెలియదు.

ఫోను కింద పెట్టేలోపే డాక్టరుగారు చేశారు. “వచ్చేయండి సిస్టర్. వాళ్ళన్న కూడా అదే ఓడలో పనిచేస్తాడట. అన్న వచ్చేదాకా ఆగమన్నాడు, అంతే. అన్న వచ్చాడు, సంతకం అయింది.”

అంతే. అంత చిన్న మాట అందలేదు ఆమెకి.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఆయన అలా మాట్లాడడం ఎక్కడ నేర్చుకున్నారండీ?” అని అడిగింది.

“నేర్చుకున్నదేముందమ్మా?”

“ఆ మాటలు తప్పులు కావని మాస్టారికి తెలుసా?”

“తెలియదు. చెప్పొద్దన్నారాయన. తెలిస్తే తన తప్పులు దిద్దడానికి మాస్టారు మొహమాటపడతారట.”

గుమాస్తా దరఖాస్తుని ఆమె వైపు తిప్పాడు.

మాతృభాష అన్న గడిలో ‘ఇండోనేషియన్’ అని, తరగతిలో చేరడానికి కారణం అన్న గడిలో ‘మా అమ్మ పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచి నాతో ఈ భాషలో మాట్లాడేవాళ్ళు లేరు’ అని రాసి ఉంది.